పేర్ల జాబితాల్లో ఆత్మకు ఏముంది? – పాఠకుల ప్రశ్నలు, టీచరమ్మ జవాబులు

ఏడాదిలో బైబిలు పూర్తి చేయాలని జనవరిలో మొదలుపెట్టినవాళ్ళు మే నెల ఎండల్లో మొదటి దినవృత్తాంతములకు చేరతారు. తొమ్మిది అధ్యాయాల నిండా పేర్లే. అందుకే ఏటా ఈ రోజుల్లో నాకు వచ్చే ఉత్తరాల్లో చాలావరకు వంశావళుల మీదే ఉంటాయి. ఈసారి వాటన్నిటినీ ఒక్కచోట పెట్టి రాస్తున్నాను. వేరే సంగతులు అడిగినవాళ్ళు వచ్చే సంచిక దాకా ఓపిక పట్టాలి. వాట్సాప్‌లో ఆడియోలు పంపేవాళ్ళకు మళ్ళీ చెబుతున్నా, నేను వినను. రాసి పంపండి.

ప్రశ్న: టీచర్ గారికి వందనాలు. రాత్రి కుటుంబ ప్రార్థనలో మా మామగారు రోజుకో అధ్యాయం చదివిస్తారు. ఇప్పుడు మొదటి దినవృత్తాంతములు నడుస్తోంది. ఆ పేర్లు విని పిల్లలు నవ్వుతున్నారు, నాకేమో నిద్ర ముంచుకొస్తోంది. ఆయన మాత్రం ఒక్క పేరు కూడా వదలనివ్వరు. ఈ అధ్యాయాలు దాటేస్తే పాపమా? వీటిలో ఆత్మకు పనికొచ్చేది ఏమైనా ఉందా? – ఒక సోదరి, చీరాల

దాటేస్తే పాపమేమీ లేదమ్మా. కానీ ఈ ఒక్క విషయంలో నేను మీ మామగారి పక్షమే.

ముందు, ఈ జాబితా ఎవరి కోసం రాశారో చూడండి. బబులోను చెరలో ఏళ్ళ తరబడి ఉండి తిరిగొచ్చిన జనం కోసం. ఊళ్ళు పాడైపోయాయి, రాజు లేడు. ఈ పొలం ఎవరిది, దేవాలయంలో ఎవరు పాడాలి, తలుపు దగ్గర ఎవరు నిలబడాలి అన్నీ తేలాలి. మనకు పొలం తగాదా వస్తే ఎమ్మార్వో ఆఫీసుకెళ్ళి అడంగల్ కాపీ తీయించుకుంటాం కదా, వాళ్ళకు వంశావళి అలాంటిది. అడంగల్ చదివి ఎవరూ ఆనందబాష్పాలు రాల్చరు. కానీ అందులో మన తాత పేరు కనిపిస్తే వేలు అక్కడే ఆగిపోతుంది.

అందుకే జాబితా అన్ని గోత్రాలకూ సమానంగా ఉండదు. లేవీయుల అధ్యాయం, ఆరవది, ఏకంగా 81 వచనాలు. నఫ్తాలికి దక్కింది ఒక్క వచనం (7:13). జెబూలూనుకు వంశావళే లేదు. తిరిగొచ్చి యెరూషలేములో కాపురం పెట్టినవాళ్ళలో ఎక్కువమంది యూదా, బెన్యామీను, లేవీ వాళ్ళు. రాసినవాడి ముందు కూర్చుని వింటున్నది వాళ్ళే.

ఇక ఎలా చదవాలంటారా? ప్రతి పేరులోనూ సందేశం వెతక్కండి, దొరకదు. వరస నడుస్తూ నడుస్తూ ఎక్కడ తడబడుతుందో చూడండి. ఫలానావాడికి ఫలానావాడు అని పోతున్నవాడు ఉన్నట్టుండి ఒక మాట అదనంగా రాస్తాడు. అక్కడ ఆగండి. యబ్బేజు సంగతి మీకు తెలిసే ఉంటుంది, ఆయన ప్రార్థన మన క్యాలెండర్ల మీదా ఆటోల వెనకా కూడా ఎక్కింది కాబట్టి నేను చెప్పక్కర్లేదు. అదే నాలుగో అధ్యాయంలో ఇంకాస్త కిందికి రండి. 21వ వచనంలో సన్నపు వస్త్రాలు నేసేవాళ్ళ ఇళ్ళున్నాయి, 23లో కుమ్మరులున్నారు. రాజుల పేర్ల పక్కనే మగ్గం, సారె. చీరాలలో ఉంటూ ఆ నేతవాళ్ళ వచనం దగ్గర నిద్రపోతే ఎలాగమ్మా! మీ పిల్లల చేత ఆ వచనం బిగ్గరగా చదివించండి.

ఒక రాత్రి మాత్రం అధ్యాయం పూర్తి చేయాలన్న పట్టుదల పక్కనపెట్టి నేను చెప్పిన వరసలో చదవమని మీ మామగారిని అడగండి. మొదట సంఖ్యాకాండము 16. కోరహు మోషే మీద తిరగబడతాడు, భూమి నోరు తెరిచి మింగేస్తుంది. పిల్లలు ఈ కథకు నవ్వరు, కళ్ళు పెద్దవి చేసుకుని వింటారు. తర్వాత సంఖ్యాకాండము 26, జనాభా లెక్క. ఇంతమంది, ఇంతమంది అని లెక్క చెబుతూ మధ్యలో 11వ వచనంలో ఒక చిన్న వాక్యం: ‘అయితే కోరహు కుమారులు చావలేదు.’ అంతే, మళ్ళీ లెక్కలోకి వెళ్ళిపోతాడు. ఎలా బతికారు, ఎక్కడ నిలబడ్డారు, ఏమీ లేదు.

ఇప్పుడు మొదటి దినవృత్తాంతములు 6:33 నుంచి 38 దాకా. దావీదు మందిరంలో పాడటానికి పెట్టిన హేమాను అనే గాయకుడి వంశం ఇది. హేమాను తండ్రి యోవేలు, తాత సమూయేలు. ఏ సమూయేలు అనుకుంటున్నారు? చిన్నప్పుడు మందిరంలో పడుకుని దేవుని పిలుపు విన్న సమూయేలే. అక్కడి నుంచి పేర్లు పైకి ఎక్కుతూ ఎక్కుతూ 37వ వచనంలో కోరహు దగ్గరికి చేరతాయి. నేల మింగిన మనిషి వంశంలో సమూయేలు పుట్టాడు, పాటగాడు పుట్టాడు. 9:19 చూస్తే కోరహు వంశస్థులకే గుడారపు ద్వారాలు కాసే పని. అప్పుడు కోరహు కుమారుల కీర్తన 84 తీసి పదో వచనం చదవండి. భక్తిహీనుల గుడారాలలో నివసించడం కంటె నా దేవుని మందిర ద్వారం దగ్గర ఉండటం నాకిష్టం అంటారు వాళ్ళు. ఏ గుడారాల దగ్గర నేల నోరు తెరిచిందో తెలిసిన కుటుంబం అనే మాట అది. ఆ ఆరవ అధ్యాయంలోని పేర్ల వరస దాటేసినవాళ్ళకు ఈ కీర్తన సగమే వినిపిస్తుంది.

ప్రశ్న: ఆదికాండము 5లో ఆదాము నుంచి నోవహు దాకా ఉన్న పది పేర్ల అర్థాలను వరుసగా పెడితే మొత్తం సువార్త ఒక వాక్యంగా వస్తుందని ఒక యూట్యూబ్ వీడియోలో చూశాను. ఒళ్ళు జలదరించింది. వచ్చే ఆదివారం యూత్ మీటింగులో చెబుదామనుకుంటున్నాను. మీరేమంటారు? – ఒక సోదరుడు, ఖమ్మం

చెప్పొద్దు నాయనా.

అదే వీడియో మా సంఘంలోనూ తిరిగింది. ఆ పేర్లలో కొన్నిటి అర్థం మీద హెబ్రీ పండితులే ఏకాభిప్రాయానికి రాలేదు. వీడియో చేసినాయన మాత్రం ప్రతిదానికీ తనకు కావలసిన అర్థాన్నే ఏరుకున్నాడు. అది పక్కన పెట్టినా, ఒక పేజీ వెనక్కి తిప్పండి. నాలుగో అధ్యాయంలో కయీను వంశం ఉంది. అందులోనూ ఒక హనోకు ఉన్నాడు, ఒక లెమెకు ఉన్నాడు. ఆ లెమెకు తనను గాయపరిచాడని ఒకణ్ణి చంపి ఇద్దరు భార్యల ముందు గొప్పలు చెప్పుకున్నవాడు. పేరులోనే సువార్త దాగి ఉంటే ఆ లెమెకు పేరులో కూడా ఉండాలి కదా.

జలదరింపు కావాలంటే ఆ అధ్యాయంలోనే ఉంది, రహస్య తాళంచెవి అక్కర్లేదు. ఒక కాగితం, పెన్ను తీసుకుని ఆదాము పుట్టిన దగ్గర నుంచి సంవత్సరాలు కూడుతూ రండి. ఎవరు ఎన్నో ఏట కొడుకును కన్నారో, మొత్తం ఎన్నేళ్ళు బతికారో అన్నీ అక్కడే రాసి ఉన్నాయి. ఆ లెక్క ప్రకారం ఆదాము 930లో చనిపోతాడు. అప్పటికి ఈ వంశంలోని లెమెకుకు 56 ఏళ్ళు. అంటే నోవహు తండ్రి కాలానికి కూడా ఆదాము ఉన్నాడన్నమాట. ఆదాము తర్వాత జాబితాలో వెళ్ళిపోయేది ఎవరు? షేతు కాదు, ఎనోషు కాదు, హనోకు. 987లో. ‘మృతిబొందెను, మృతిబొందెను’ అని ప్రతివాడికీ రాసిన చెయ్యి హనోకు దగ్గర ఆ మాట రాయలేదు. దేవుడు అతణ్ణి తీసుకుపోయాడు కాబట్టి అతడు లేకపోయాడని రాసింది. ఆదాము పోయాక 57 ఏళ్ళకు, తక్కినవాళ్ళందరూ ఇంకా బతికి ఉండగానే ఇది జరిగింది. చావు ఖాయమని మొదటిసారి కళ్ళారా చూసిన ఆ వంశం, చావును తప్పించుకున్న ఒకణ్ణి కూడా చూసింది.

ఇక నోవహు పుట్టింది 1056లో. ఆ పదిమందిలో ఆదాము చనిపోయాక పుట్టినవాడు నోవహు ఒక్కడే. అతడు పుట్టినప్పుడు లెమెకు, యెహోవా శపించిన ఈ నేల మీద మన కష్టం విషయంలో ఇతడు మనకు నెమ్మది కలుగజేస్తాడు అన్నాడు (5:29). చివరిగా మెతూషెల లెక్క. 187వ ఏట లెమెకును కన్నాడు, లెమెకు 182వ ఏట నోవహును కన్నాడు, నోవహుకు 600 ఏళ్ళప్పుడు జలప్రళయం. మూడూ కూడండి, 969. మెతూషెల ఆయుష్షు కూడా అంతే. మీ యూత్ మీటింగులో బోర్డు మీద ఈ లెక్క వేయించండి, ఎవరూ ఫోన్ చూడరు.

ప్రశ్న: వంశావళుల్లో అన్నీ మగవాళ్ళ పేర్లే. మా స్త్రీల మైత్రిలో వీటి మీద ఒక పాఠం చెప్పమన్నారు. మత్తయిలోని తామారు, రాహాబు, రూతు తప్ప ఇంకేమీ తోచడం లేదు. – ఒక సోదరి, ఏలూరు

ఆ ముగ్గురి మీద ప్రసంగం ప్రతి క్రిస్మస్‌కూ వింటూనే ఉన్నాం, ఈసారికి వదిలేయండి. మత్తయిలోనే కావాలంటే నాలుగో ఆమెను తీసుకోండి. బత్షెబ పేరు రాయకుండా ‘ఊరియా భార్యగానుండిన ఆమె’ అన్నాడు. ఆమె పేరు దాచాడని చాలామంది నొచ్చుకుంటారు. నాకు మాత్రం అందులో ఊరియా కనబడతాడు. దావీదు చంపించిన హిత్తీయుడు, వంశంలో రక్తసంబంధం లేనివాడు, దావీదు వంశావళిలోకి సాక్షిలా వచ్చి నిలబడ్డాడు. సొలొమోను పేరు చదివిన ప్రతిసారీ ముందు ఊరియా పేరు చదవాల్సిందే.

మీ పాఠానికి మాత్రం సెలోపెహాదు కుమార్తెలను తీసుకోండి. మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా. సంఖ్యాకాండము 26 అంతా యుద్ధానికి వెళ్ళగల మగవాళ్ళ లెక్క, మొత్తం 6,01,730. ఆ లెక్కలో పనికిరాని ఐదు పేర్లు 33వ వచనంలో పూర్తిగా రాసి ఉన్నాయి. ఎందుకో తర్వాతి అధ్యాయంలో తెలుస్తుంది. ఆ ఐదుగురూ ప్రత్యక్షపు గుడారం ద్వారం దగ్గర మోషే ముందు, యాజకుడు ఎలియాజరు ముందు, పెద్దలందరి ముందు నిలబడి, కొడుకులు లేరని మా నాన్న పేరు ఎందుకు మాసిపోవాలి, మాకు భూమి ఇవ్వండి అని అడిగారు. మోషేకు జవాబు తెలియక దేవుని దగ్గరికి తీసుకెళ్ళాడు. సెలోపెహాదు కుమార్తెలు చెప్పింది సరిగ్గా ఉంది అని దేవుడే అన్నాడు. చట్టం మారింది. తర్వాత 36వ అధ్యాయంలో సొంత గోత్రంలోనే పెళ్ళి చేసుకోవాలని షరతు పెట్టారు, అది కూడా దాచకుండా చెప్పండి. మన ఆడవాళ్ళకు పెళ్ళి షరతులంటే కొత్తేమీ కాదు.

ఇంకో సంగతి చెబితే మీవాళ్ళు నిటారుగా కూర్చుంటారు. 1910లో సమరయ తవ్వకాల్లో సిరాతో రాసిన కుండ పెంకులు దొరికాయి. క్రీస్తుకు ముందు ఎనిమిదో శతాబ్దం నాటివి, ఏ ప్రాంతం నుంచి ఎంత ద్రాక్షారసం, ఎంత నూనె వచ్చిందో రాసుకున్న చిట్టీలు. అందులో మనష్షే గోత్రపు ప్రాంతాల పేర్లలో నోయా, హొగ్లా ఉన్నాయి. అడిగి తెచ్చుకున్న భూమి వాళ్ళ పేరుతోనే నిలిచింది. కొడుకులు లేక పేరు మాసిపోతుందని భయపడ్డ ఇంటి ఆడపిల్లల పేర్లతో గుమాస్తాలు జాడీలు లెక్క రాసుకున్నారు.

సమయం మిగిలితే మొదటి దినవృత్తాంతములు 7:24లో ఎఫ్రాయిము వంశపు షెయెరాను చెప్పండి. ఎగువ, దిగువ బేత్‌హోరోను ఊళ్ళు కట్టించింది ఆమే. బైబిల్లో ఊరు కట్టిన ఆడది ఆమె ఒక్కతే. ఆ రెండు ఊళ్ళూ యెరూషలేముకు వాయవ్యంగా ఈనాటికీ ఉన్నాయి, అరబీలో ఇప్పటికీ ఎగువ, దిగువ అనే పిలుస్తారు.

ప్రశ్న: మా ఆఫీసులో ఒక స్నేహితుడు, క్రైస్తవుడు కాదు, బైబిలు చదివి అడిగాడు. మత్తయిలో యోసేపు తండ్రి యాకోబు, లూకాలో హేలీ. ఎవరు నిజం? పైగా యెకొన్యా సంతానం దావీదు సింహాసనం మీద కూర్చోదని యిర్మీయా శపించాడు కదా, మరి యెకొన్యా యేసు వంశావళిలో ఎలా ఉన్నాడు అన్నాడు. నేను టెన్షన్‌తో మాట మార్చేశాను. – ఒక సోదరుడు, విశాఖపట్నం

అంత శ్రద్ధగా చదివిన స్నేహితుడు దొరకడం అదృష్టం. టీకి తీసుకెళ్ళండి.

మొదటిదానికి పాతకాలం నుంచే జవాబులున్నాయి. మూడో శతాబ్దంలో జూలియస్ ఆఫ్రికానస్ అనే ఆయన, యేసు బంధువుల కుటుంబాల నుంచి వచ్చిన మాటగా ఒకటి రాశాడు. దాన్ని యూసేబియస్ తన సంఘ చరిత్రలో భద్రం చేశాడు. యాకోబు, హేలీ ఒకే తల్లి పిల్లలు. హేలీ పిల్లలు లేకుండా పోతే ద్వితీయోపదేశకాండము 25 ప్రకారం యాకోబు అతని భార్యను చేసుకున్నాడు. అలా యోసేపు పుట్టుకకు యాకోబు కొడుకు, ధర్మశాస్త్రం లెక్కలో హేలీ కొడుకు. ఇంకొందరు లూకా రాసింది మరియ వంశమంటారు. కానీ లూకా ఆ జాబితాలో మరియ పేరే ఎత్తలేదు, అందుకే నాకది అంతగా ఆనదు. మొదటిది కుదరవచ్చు. రెండూ కలిపి ఒకే చార్టు గీయాలన్న ఆరాటం మాత్రం మనదే, ఆ ఇద్దరిదీ కాదు. మత్తయి సింహాసనం వెంట దిగాడు, సొలొమోను మీదుగా. మూడు భాగాల్లోనూ పద్నాలుగేసి తరాల లెక్క కుదరడానికి యెహోరాముకూ ఉజ్జియాకూ మధ్య అహజ్యా, యోవాషు, అమజ్యా అనే ముగ్గురు రాజులను వదిలేశాడు కూడా. తాత మనవణ్ణి ‘కనెను’ అని రాయడం వాళ్ళకు మామూలే. లూకా దావీదు ఇంకో కొడుకు నాతాను మీదుగా పైకి ఎక్కి ఆదాము దాకా పోయాడు.

లూకా ఆ జాబితా ఎక్కడ పెట్టాడో కూడా మీ స్నేహితుడికి చూపించండి. యేసు బాప్తిస్మం పొందగానే ‘నీవు నా ప్రియ కుమారుడవు’ అని స్వరం వస్తుంది. వెంటనే జాబితా. దాని చివరి మాట ‘ఆదాము దేవునికి కుమారుడు.’ పేజీ తిప్పితే అపవాది వచ్చి ‘నీవు దేవుని కుమారుడవైతే’ అని మొదలుపెడతాడు. తోటలో ఓడిన కుమారుడికీ, అడవిలో ఆకలితో నిలబడ్డ కుమారుడికీ మధ్య ఈ పేర్లన్నీ వరుసలో నిలబడి ఉన్నాయి.

ఇక యెకొన్యా. పద్దెనిమిదేళ్ళకు రాజై మూడు నెలలు ఏలి, క్రీస్తుకు ముందు 597లో బబులోనుకు బందీగా పోయినవాడు. యెహోయాకీను అన్నా, కొన్యా అన్నా అతడే. యిర్మీయా 22లో దేవుడు కఠినంగా మాట్లాడాడు. నువ్వు నా కుడిచేతి ముద్ర ఉంగరమైనా ఊడబెరికేస్తాను అన్నాడు. ఇతడు సంతానహీనుడని రాయండి అన్నాడు. రాయండి అన్న మాట గుర్తుపెట్టుకోండి.

ఏం రాశారో చూద్దాం. బబులోను శిథిలాల్లో రాబర్ట్ కోల్డెవే నడిపిన జర్మన్ తవ్వకాల్లో మట్టి పలకలు దొరికాయి, 1939లో వాటి పాఠం అచ్చయింది. అవి నెబుకద్నెజరు అంతఃపురపు రేషను లెక్కలు. ఎవరికి ఎంత నూనె పోశారో రాసుకున్నవి. అందులో యూదా రాజు యెహోయాకీను పేరు ఉంది. ఆ కిందనే యూదా రాజు ఐదుగురు కొడుకులకు రెండున్నర సీలాల నూనె అని ఉంది. సీలా అంటే దాదాపు లీటరు. మనిషికి అర లీటరన్నమాట. సంతానహీనుడని రాయమన్న మనిషికి కొడుకులున్నారని శత్రువు గుమాస్తా రాశాడు. మొదటి దినవృత్తాంతములు 3:17, 18లో అతని కొడుకుల పేర్లు ఉన్నాయి. ఇక రెండు తరాలు దాటాక హగ్గయి ప్రవక్త యెకొన్యా మనవడు జెరుబ్బాబెలుతో దేవుని మాట చెబుతూ నిన్ను ముద్ర ఉంగరంగా చేస్తాను అంటాడు (2:23). ఊడబెరికిన ఉంగరమే మళ్ళీ వేలికి ఎక్కింది. యేసు యెకొన్యాకు రక్తపు వారసుడు కాడు, యోసేపు ద్వారా న్యాయపు వారసుడు కాబట్టి శాపం తగలలేదని చెప్పేవాళ్ళున్నారు. అది కూడా ఒక జవాబే. కానీ నేనైతే హగ్గయి ఉంగరాన్నే పట్టుకుంటాను. మత్తయి యెకొన్యాను దాచలేదు, చెరకు ముందు ఒకసారి, చెర తర్వాత ఒకసారి రెండుసార్లు రాశాడు.

ప్రశ్న: మాది ప్రకాశం జిల్లా, మాదిగ కుటుంబం. ఒంగోలులో క్లౌ దొరగారి కాలంలో మా ముత్తాత బాప్తిస్మం తీసుకున్నాడని చెబుతారు. ఆయనకు ముందు ఎవరున్నారో ఒక్క పేరూ తెలియదు. బైబిల్లో వాళ్ళకు ఇంత పెద్ద జాబితాలు చదివినప్పుడు, మా పేర్లు రాసేవాడే లేకపోయాడే అని మనసు కలుక్కుమంటుంది. – ఒక సోదరుడు, ప్రస్తుతం హైదరాబాద్

అయ్యా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను.

రాసేవాడు లేకపోయినా చెప్పేవాడు ఉన్నాడని మొదట గుర్తు చేస్తాను. మాదిగవాడల్లో డక్కలివాళ్ళు పటాలు పరిచి మాదిగల కులపురాణమైన జాంబపురాణం చెప్పేవాళ్ళు, వంశాల సంగతులు నోటితోనే మోసేవాళ్ళు. కాగితానికి ఎక్కలేదని పేరు లేనట్టు కాదు. బైబిలు జాబితాలు కూడా రాతకు ముందు చాలాకాలం నోటి మీదే బతికాయి.

మీ ముత్తాతగారి కాలం చిన్నది కాదు. 1876 నుంచి 78 దాకా భయంకరమైన కరువు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో కొంత తవ్వకం కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి ఇప్పించాడు. తిండి కోసం వస్తారని కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. ఆ తర్వాత 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది. ఇప్పటికీ ఆ సంఖ్యనే అందరం గొప్పగా చెప్పుకుంటాం. నాకైతే ఆ సంఖ్య కంటే అందులోని ఒక్క పేరు ముఖ్యం. ఎజ్రా రెండో అధ్యాయం రాసినవాడు రెంటినీ వదలలేదు. 42,360 అని మొత్తం కూడాడు, ఇంటింటి పెద్ద పేరూ రాశాడు.

ఆ అధ్యాయంలోనే మీలాంటివాళ్ళు ఉన్నారు. 59వ వచనం చూడండి. తేల్మెలహు, తేల్హర్షా అనే చోట్ల నుంచి వచ్చినవాళ్ళు తమ తండ్రుల ఇంటిని, వంశాన్ని చూపలేకపోయారు. ఇశ్రాయేలీయులో కాదో తెలియలేదు. వెనక్కి పొమ్మన్నారా? లేదు, 652 మంది అని లెక్కలో రాశారు. తర్వాత యాజకుల్లో మూడు ఇళ్ళవాళ్ళ పేర్లు పుస్తకంలో దొరకలేదు. అందులో ఒకాయన బర్జిల్లయి ఇంటికి ఇల్లరికం పోయి అత్తింటి పేరు పెట్టుకున్నాడు, అందుకే చిక్కొచ్చింది. ఇంకో ఇల్లు హక్కోజు. దేవుని చిత్తం అడిగి తెలుసుకునే ఊరీము తుమ్మీము గల యాజకుడు వచ్చి తేల్చేదాకా మీరు పరిశుద్ధమైనవి తినకూడదని అధికారి అన్నాడు. నొప్పి పెట్టే మాటే అది. కానీ నెహెమ్యా మూడో అధ్యాయంలో గోడ కట్టినవాళ్ళ జాబితా తీయండి. హక్కోజుకు పుట్టిన ఊరియా కొడుకు మెరేమోతు నాలుగో వచనంలో ఒక భాగం కట్టాడు, 21లో ఇంకో భాగం కట్టాడు. పాత పుస్తకంలో ఆ ఇంటి పేరు దొరకలేదు, కొత్త పుస్తకంలో రెండుసార్లు ఎక్కింది.

మీరు చేయగల పని ఒకటుంది. మీ ఊరి సంఘంలో పాత బాప్తిస్మపు రిజిస్టరు ఉంటే పాస్టరు అయ్యగారిని అడిగి చూడండి. పుస్తకం చెదలు పట్టి ఉంటే ఫోటోలు తీసి పెట్టండి. ముత్తాతగారి పేరు, ఆయన భార్య పేరు, ఇద్దరి ఊళ్ళు రాయండి. ఆడవాళ్ళ పుట్టింటి పేర్లు కూడా. మీ మేనత్తలు బతికి ఉంటే ఈ సెలవుల్లోనే వెళ్ళి అడగండి, ఇలాంటివి మగవాళ్ళ కంటే వాళ్ళకే ఎక్కువ గుర్తుంటాయి.

ప్రశ్న: వంశావళులకు పోవద్దని పౌలు తిమోతికి రాశాడు కదా (1 తిమోతి 1:4). మరి ఇదంతా ఎందుకు? – ఒక పాఠకుడు, తెనాలి

మితం లేని వంశావళులు పట్టుకుని తగాదాలు పడొద్దన్నాడు. తాను బెన్యామీను గోత్రపువాణ్ణని రోమా సంఘానికీ, ఫిలిప్పీ సంఘానికీ రాసింది కూడా ఆ పౌలే.

ప్రశ్న: ఆదివారం ఆరాధనలో మత్తయి 1 చదవమన్నారు. పేర్లు నోరు తిరగడం లేదు, భయంగా ఉంది. – డిగ్రీ చదువుతున్న ఒక అమ్మాయి, భీమవరం

శనివారం రాత్రి రెండుసార్లు పైకి చదువుకో తల్లీ. షయల్తీయేలు, జెరుబ్బాబెలు దగ్గర పెన్సిల్‌తో గీత పెట్టి విరుచుకో. తప్పు పలికితే ఆగి నాలుక కరుచుకోకుండా ముందుకు పో, సరైన ఉచ్చారణ తెలిసినవాళ్ళు ఆ హాల్లో ఎవరూ ఉండరు. దావీదు దగ్గర, అంటే ఆరో వచనం మధ్యలో, ఊపిరి తీసుకో. పదకొండో వచనంలో బబులోను దగ్గర ఇంకోసారి. పదహారో వచనంలో మాత్రం జాగ్రత్త. అప్పటిదాకా ‘కనెను, కనెను’ అని వచ్చిన ఊపులో ‘యోసేపు యేసును కనెను’ అని చదివేసినవాళ్ళను నేను విన్నాను. అక్కడ అలా లేదు. ‘యాకోబు మరియ భర్తయైన యోసేపును కనెను’ అని ఆగు. ఒక క్షణం ఆగి, ‘ఆమెయందు క్రీస్తు అనబడిన యేసు పుట్టెను’ అని నెమ్మదిగా చదువు.